సూర్యుని దూరపు చుట్టం: సెడ్నా

సూర్యుణ్ణి, ఆయన చుట్టూ తిరిగే గ్రహోపగ్రహాలను కలిపి మనం సౌరకుటుంబం అంటున్నాము. ఆ మాట ఎంతో సార్థకమైనది. కుటుంబమన్నప్పుడు ఇంట్లో నిత్యం మసలేవారు కొందరు ఉంటారు. పండుగకో, పెళ్ళికో వచ్చి పోయేవారు కొందరు ఉంటారు. తాతల నాడెప్పుడో వచ్చి వెళ్ళి, తిరిగి ఏ మనుమల కాలానికో గడప తొక్కే దూరపు చుట్టాలు కొందరు ఉంటారు. బుధుడు మొదలుకొని నెప్ట్యూన్ వరకు గల ఎనిమిది గ్రహాలు మొదటి వర్గం. డెబ్బయి ఆరేళ్ళకొకమారు కనిపించే హేలీ తోకచుక్క వంటివి రెండవ వర్గం. ఈ వ్యాసంలో మేము పరిచయం చేయదలచినది మూడవ వర్గానికి చెందిన ఒక చుట్టాన్ని. దాని పేరు సెడ్నా.

సెడ్నా ఒక చిన్న మంచు గోళం. అది సూర్యుని ఒకమారు చుట్టి రావడానికి పదకొండు వేల ఏళ్ళకు పైగా పడుతుంది. ప్రస్తుతం అది మన వైపు వస్తున్నది. 2076 ప్రాంతంలో సూర్యునికి అతి సమీపానికి వచ్చి, ఆపైన మళ్ళీ చీకటిలోకి మరలిపోతుంది. అయితే దూరమూ, దీర్ఘకాలమూ మాత్రమే దాని విశేషాలైతే ఇంత వ్రాయవలసిన పని లేదు. సెడ్నా నడిచే దారిని మనకు తెలిసిన సౌరకుటుంబంలోని ఏ గ్రహమూ వేయగలిగినది కాదు. మరి ఆ దారి ఎవరు వేసినది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇంతవరకు చెప్పిన సమాధానాలేమిటి? వాటిలో రుజువైనదెంత, ఊహ ఎంత? ఈ విషయాలనే క్రమంగా పరిశీలిద్దాము.

దూరాన్ని కొలిచే కొలబద్ద

ఇంత పెద్ద దూరాలను మైళ్ళలోనో, కిలోమీటర్లలోనో చెబితే అంకెలు పెరగడమే తప్ప అర్థం బోధపడదు. అందువల్ల ఖగోళ శాస్త్రజ్ఞులు భూమికీ సూర్యునికీ మధ్య గల దూరాన్ని ఒక కొలతగా గైకొన్నారు. దీనిని ఖగోళ ప్రమాణం అంటారు. ఇది సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఈ కొలతలో నెప్ట్యూన్ దూరం 30. సెడ్నా సూర్యునికి అతి దగ్గరగా వచ్చినప్పుడు దూరం 76. అతి దూరంగా పోయినప్పుడు ఇంచుమించు 936.

ఇంకొక విధంగా చూద్దాము. మన కళాశాల ద్వారం వద్ద సూర్యుడు ఉన్నాడనుకొని, ఒక్కొక్క ఖగోళ ప్రమాణాన్ని ఒక్కొక్క అంగగా భావించి నడవడం ప్రారంభిద్దాము. మొదటి అంగలోనే భూమి వస్తుంది. ముప్పయ్యవ అంగలో నెప్ట్యూన్ వస్తుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మ అక్కడితో ముగుస్తుంది. కాని సెడ్నా మనకు ఎదురయ్యేది డెబ్బయి ఆరవ అంగలో. దాని కక్ష్య చివరి అంచును చూడాలంటే 936 అంగలు, అంటే ముప్పాతిక కిలోమీటరుకు కొంచెం తక్కువ దూరం నడవాలి. 1977లో బయలుదేరిన వాయేజర్-1 నౌక దాదాపు యాభై ఏళ్ళు నిర్విరామంగా ప్రయాణించి కూడా ఇంకా రెండు వందల అంగలు పూర్తి చేయలేదు.

ఇదే కొలతలో సూర్యునికి అతి సమీపంలో గల నక్షత్రం ఎక్కడ ఉంటుంది? రెండు లక్షల అరవై ఎనిమిది వేల అంగల దూరంలో. అంటే సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో. కనుక సెడ్నా ఎంత దూరం పోయినా, నక్షత్రాల దూరంతో పోల్చినప్పుడు అది సూర్యుని పెరట్లోనే ఉన్నట్లు లెక్క. ఈ మాటను గుర్తుంచుకోవాలి. మున్ముందు దీనితో పని ఉన్నది.

ఉచ్చము, ఔజ్

గ్రహాలు పూర్ణ వృత్తాలలో తిరుగుతాయని మానవుడు చాలా కాలం విశ్వసించాడు. ఆ విశ్వాసాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ కెప్లర్ 1609లో సవరించాడు. గ్రహం తిరిగేది దీర్ఘవృత్తంలో అనీ, సూర్యుడు దాని నడుమ గాక ఒక నాభి వద్ద ఉంటాడనీ ఆయన చూపాడు. ఒక పలక మీద రెండు గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ వదులుగా దారపు ఉచ్చు వేసి, దానిలో పెన్సిలు ఉంచి బిగువుగా తిప్పితే దీర్ఘవృత్తం వస్తుంది. సూదులు రెండూ దగ్గరగా ఉంటే అది వృత్తంలా కనిపిస్తుంది. వాటిని దూరం జరిపిన కొద్దీ సాగిపోతుంది. భూమి కక్ష్య మొదటి రకం. సెడ్నా కక్ష్య రెండవ రకం. ఆ రెండవ రకంలోనూ మిక్కిలి సాగినది.

ఇట్టి కక్ష్యలో సూర్యునికి అతి దూరపు బిందువు ఒకటి, అతి సమీప బిందువు ఒకటి ఉంటాయి. ఈ సందర్భంలో మా ఉర్దూ విద్యార్థులకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఉన్నతికి, శిఖరానికి ఉర్దూలో వాడే 'ఔజ్' అనే పదం వారికి కొత్త కాదు. పూర్వపు అరబ్బీ, పారశీ ఖగోళ గ్రంథాలలో ఆ పదం కక్ష్యలోని అతి దూర బిందువుకు పేరు. అతి సమీప బిందువును 'హజీజ్' అనేవారు. సంస్కృత సిద్ధాంత గ్రంథాలలో దూర బిందువుకు 'ఉచ్చము' అని పేరు. ఈ ఉచ్చమే పశ్చిమ దేశాలకు ప్రయాణించి అరబ్బీలో ఔజ్‌గా మారిందని భాషావేత్తలు చెబుతారు. ఆనాటి వారు ఆ దూరాలను భూమి నుండి కొలిచారు; నేడు మనం సూర్యుని నుండి కొలుస్తున్నాము. కొలిచే చోటు మారినా, మన రెండు భాషలలోనూ ఆ మాట ఒక్కటే.

కెప్లర్ 1619లో మరొక నియమాన్ని ప్రకటించాడు. సూర్యుని నుండి సగటు దూరాన్ని ఖగోళ ప్రమాణాలలో తీసుకొని దాని ఘనాన్ని కనుగొని, ఆ ఘనానికి వర్గమూలం తీస్తే పరిభ్రమణ కాలం సంవత్సరాలలో వస్తుంది. సెడ్నా సమీప దూరం 76, దూర బిందువు 936. రెండూ కూడితే 1012; అందులో సగం 506. ఇదే సగటు దూరం. 506 ఘనం 12 కోట్ల 95 లక్షల 54 వేల 216. దాని వర్గమూలం సుమారు 11,380. అంటే సెడ్నా సంవత్సరం మన లెక్కలో పదకొండు వేల మూడు వందల ఎనభై ఏళ్ళు! కొలతలు సవరించినప్పుడల్లా ఈ అంకె కొంత అటూ ఇటూ కావచ్చును గాని, పదకొండు వేలకు పైన అనడంలో సందేహం లేదు.

సెడ్నా తన దారిలో ఒకే వేగంతో నడవదు. సమీప బిందువు వద్ద క్షణానికి 4.6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దూర బిందువు వద్ద ఆ వేగం అర కిలోమీటరు కంటే తక్కువ. కాబట్టి అది తన జీవితంలో అత్యధిక భాగాన్ని మనకు కనబడని దూరంలోనే గడుపుతుంది. పోయినసారి అది సమీపానికి వచ్చినది క్రీస్తుకు పూర్వం సుమారు 9300 ప్రాంతంలో. భూమి మీద హిమయుగం ముగిసిన రోజులవి. పశ్చిమాసియాలో మానవుడు ధాన్యం పండించడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. లిపి పుట్టడానికి ఇంకా ఆరు వేల ఏళ్ళ వ్యవధి ఉన్నది. ఆనాడు ఆకాశం వంక చూసినవారు ఉన్నారు గాని, చూసినది వ్రాసి పెట్టినవారు లేరు.

చీకటిలో కదిలిన చుక్క

2003 నవంబరు 14న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో గల పలోమర్ వేధశాలలో, 48 అంగుళాల శామ్యూల్ ఆషిన్ దూరదర్శినితో ఆకాశంలోని ఒకే భాగాన్ని కొంత వ్యవధితో మూడుమార్లు చిత్రించారు. ఆ పరిశోధన నడిపినవారు మైకేల్ బ్రౌన్, చాడ్ ట్రుహీయో, డేవిడ్ రబినోవిట్జ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు. మూడు చిత్రాలలోనూ నక్షత్రాలన్నీ ఉన్నచోటనే ఉన్నవి. ఒక్క మసక చుక్క మాత్రం మూడు గంటలలో కొద్దిగా జరిగింది. ఎంత? పున్నమి చంద్రుని అడ్డుకొలతలో నాలుగు వందవ వంతు.

ఆ స్వల్ప కదలికే దూరాన్ని పట్టి ఇచ్చింది. రైలులో కూర్చొని కిటికీలో నుండి చూసినప్పుడు పట్టాల ప్రక్కనున్న స్తంభాలు వేగంగా వెనుకకు పోతాయి. దూరాన ఉన్న కొండ మెల్లగా జరుగుతుంది. నిజానికి కదిలేది మనమే. అట్లే భూమి తన కక్ష్యలో క్షణానికి 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నందువల్ల సౌరకుటుంబంలోని వస్తువులు నక్షత్రాల నడుమ జరిగినట్లు కనిపిస్తాయి. ఎంత నెమ్మదిగా జరిగితే అంత దూరం. ఈ చుక్క అప్పటికి తెలిసిన వాటన్నిటి కంటే నెమ్మదిగా జరిగినది. దాని దూరం దాదాపు 90 ఖగోళ ప్రమాణాలని తేలింది.

కాని ఒక రాత్రి కదలికతో కక్ష్య తెలియదు. పరిశోధకులు పాత ఛాయాచిత్రాలను తిరగవేశారు. 1990 నాటి పలోమర్ చిత్రాలలోనే ఆ చుక్క ఎవరి కంటా పడకుండా నమోదై ఉన్నది. ఆ పాత స్థానాలు, ఈ కొత్త స్థానాలు కలిపి లెక్కించగా కక్ష్య ఆకారం బయటపడింది. 2004 మార్చి 15న ఈ సంగతిని లోకానికి ప్రకటించారు. ఉత్తర ధ్రువ ప్రాంతంలో నివసించే ఇన్యూట్ ప్రజల గాథలలో గడ్డకట్టే సముద్రపు అడుగున ఉండే దేవతకు సెడ్నా అని పేరు. ఇంత శీతల ప్రదేశంలో ఉండేదానికి ఆ పేరు తగినదని శాస్త్రజ్ఞులు భావించారు.

సెడ్నా అడ్డుకొలత సుమారు వెయ్యి కిలోమీటర్లు. మన చంద్రునిలో మూడవ వంతు కూడా లేదు. దాని రంగు మిక్కిలి ఎరుపు. మీథేన్ వంటి కర్బన పదార్థాల మంచు మీద సూర్యరశ్మి, విశ్వకిరణాలు యుగాల తరబడి పడినప్పుడు ఇట్టి ఎర్రని పదార్థం ఏర్పడుతుందని శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. 2021లో అంతరిక్షానికి పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శిని సెడ్నా ఉపరితలంపై ఈథేన్ వంటి పదార్థాల జాడలను గుర్తించింది. అవి మీథేన్ నుండి అట్లు పుట్టేవే. అక్కడి చలి సున్నాకు దిగువన 240 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది.

దూర బిందువు వద్ద సెడ్నా మీద నిలబడి చూస్తే సూర్యుడు ఎట్లా కనిపిస్తాడు? దూరం 936 రెట్లయితే వెలుగు ఆ సంఖ్య వర్గమంత, అంటే దాదాపు తొమ్మిది లక్షల రెట్లు తగ్గుతుంది. పున్నమి వెన్నెల మన ఎండలో సుమారు నాలుగు లక్షలవ వంతు. కనుక అక్కడి మిట్టమధ్యాహ్నపు ఎండ మన పున్నమి వెన్నెలలో సగం! ఆ వెలుగైనా సూర్యుని వద్ద బయలుదేరి అక్కడికి చేరడానికి అయిదు రోజులకు పైగా పడుతుంది.

దారి ఎవరు వేసినది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తున్నాము. సౌరకుటుంబం ఒక చదునైన ధూళి, వాయువుల చక్రం నుండి పుట్టింది. ఆ చక్రంలో చిన్న చిన్న ముద్దలు కలిసి పెద్దవి కావాలంటే అవి ఇంచుమించు వృత్తాకారపు దారులలో, ఒకదానికొకటి నెమ్మదిగా ఎదురుపడాలి. సెడ్నా వలె సాగిన దారులలో తిరిగితే ఆ ముద్దలు మహావేగంతో ఢీకొని పగిలిపోతాయే తప్ప కలిసి పెరగవు. కాబట్టి సెడ్నా పుట్టినప్పుడు దాని దారి ఇది కాదు. తరువాత ఎప్పుడో, ఏదో బలం దానిని ఈ దారిలోకి తోసినది.

తోసేవారు ఎవరనగానే మొదట స్ఫురించేది నెప్ట్యూన్. ఆ గ్రహానికి ఆవల మంచు ముద్దలు గల ఒక మేఖల ఉన్నది. దానిని కైపర్ మేఖల అంటారు. 1992లో డేవిడ్ జ్యూయిట్, జేన్ లూ అనేవారు అక్కడ మొదటి చిన్న వస్తువును కనుగొన్న తరువాత వేలకొలదిగా బయటపడినవి. నెప్ట్యూన్ దగ్గరకు పోయినవాటిని ఆ గ్రహం తన ఆకర్షణ చేత సుదూరానికి విసరగలదు. కాని అట్లు విసిరినదానికి ఒక గుర్తు ఉంటుంది. గురుత్వాకర్షణ నియమం ప్రకారం, ఏ చోట దెబ్బ తగిలి వస్తువు దారి మారిందో, ఆ చోటికే ఆ వస్తువు ప్రతి చుట్టులోనూ తిరిగి వస్తుంది. నెప్ట్యూన్ విసిరిన వస్తువు ఎంత దూరం పోయినా నెప్ట్యూన్ పరిసరాలకు, అంటే 30, 40 అంగల మేరకు రాక తప్పదు. సెడ్నా అట్లా రాదు. 76 అంగల వద్దనే వెనుదిరుగుతుంది. నెప్ట్యూన్ చెయ్యి అంత దూరం చాచలేదు.

మరి బయటి నుండి తోసినవారెవరైనా ఉన్నారా? సౌరకుటుంబం చుట్టూ కొన్ని వేల మొదలు లక్ష ఖగోళ ప్రమాణాల వరకు తోకచుక్కల నిలయం ఒకటి ఉన్నదని డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ ఊర్ట్ 1950లో ప్రతిపాదించాడు. అంత దూరంలో సూర్యుని పట్టు సడలి ఉంటుంది. అందువల్ల ప్రక్కగా పోయే నక్షత్రాలు, మన పాలపుంత మొత్తం ఆకర్షణ అక్కడి వస్తువుల దారులను మార్చగలవు. కాని సెడ్నా అంత దూరం పోదని ముందే చూశాము. అది సూర్యుని పెరట్లోనిది. నేడు మన చుట్టూ ఉన్న నక్షత్రాల ప్రభావం దాని మీద ఏ పాటిదీ కాదు.

ఈ విధంగా సెడ్నా లోపలివారి చేతికి అందదు, బయటివారి చేతికీ అందదు. అయినా ఎవరో దాని దారి మార్చారు. సెడ్నా ఒక సాక్షి. ఒక ఘటన జరిగినదని గట్టిగా సాక్ష్యం చెబుతున్నది. చేసినవారి పేరు మాత్రం చెప్పడం లేదు.

మూడు ఊహలు

ఈ సాక్ష్యాన్ని వివరించేందుకు ముఖ్యంగా మూడు ఊహలు ఉన్నవి.

మొదటిది. సూర్యుడు ఒంటరిగా పుట్టలేదు. ఎన్నో నక్షత్రాల గుంపులో పుట్టాడు. ఆ బాల్యదశలో తోటి నక్షత్రం ఒకటి కొన్ని వందల ఖగోళ ప్రమాణాల దూరంలో సాగిపోయి ఉంటే, అప్పటికే నెప్ట్యూన్ వంటి గ్రహాలు విసిరివేసిన ముద్దల సమీప బిందువులను అది పైకి లాగగలదు. తరువాత ఆ గుంపు విడిపోయింది. సెడ్నా దారి మాత్రం 450 కోట్ల ఏళ్ళుగా చెదరకుండా నిలిచినది. ఇదే నిజమైతే సెడ్నా కక్ష్య మన సూర్యుని బాల్యం నాటి దస్తావేజు.

రెండవది. సెడ్నా అసలు సూర్యుని బిడ్డే కాకపోవచ్చు. ఆ గుంపులోని మరొక నక్షత్రం చుట్టూ పుట్టి, రెండు నక్షత్రాలు దగ్గరైన సమయంలో ఇటు వచ్చి చేరి ఉండవచ్చు. అప్పుడు దానిని దూరపు చుట్టమనడం కంటే పెంపుడు బిడ్డ అనడం సబబు.

మూడవది మిక్కిలి ప్రచారం పొందినది. 2016 జనవరిలో కాన్‌స్టాంటిన్ బటీగిన్, సెడ్నాను కనుగొన్నవారిలో ఒకరైన మైకేల్ బ్రౌన్ కలిసి ఒక సిద్ధాంతాన్ని ప్రకటించారు. సెడ్నా, దానివంటి మరికొన్ని దూరపు వస్తువుల కక్ష్యలు ఇంచుమించు ఒకే దిక్కుకు సాగి ఉన్నవనీ, భూమికి అయిదు నుండి పది రెట్ల ద్రవ్యరాశి గల కనబడని గ్రహమొకటి వాటిని అట్లు కూర్చినదనీ వారి వాదం. దానిని తొమ్మిదవ గ్రహం అంటున్నారు. పత్రికలలో ఈ వార్త చదివి చాలామంది తొమ్మిదవ గ్రహం దొరికినదనే భావించారు. నిజానికి దానిని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

నెప్ట్యూన్, వల్కన్, ప్లూటో

చూడనిదానిని లెక్కతో చెప్పడం తప్పా? కాదు. చరిత్రలో ఇది జరిగినదే. యురేనస్ గమనంలోని స్వల్ప తేడాలను బట్టి, ఆవల మరొక గ్రహం ఉండాలని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవెర్యే లెక్కించాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్ వేధశాలలో గాలె ఆ దిక్కున దూరదర్శినిని త్రిప్పగానే నెప్ట్యూన్ కనిపించింది. కాగితం మీది లెక్క ఆకాశంలో గ్రహమైనది.

అదే లెవెర్యే 1859లో బుధుని గమనంలో ఒక తేడా గమనించాడు. ఈసారి సూర్యునికి, బుధునికి మధ్య మరొక గ్రహం ఉండవచ్చునన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాల తరబడి వెదికారు. చూశామని చెప్పినవారూ ఉన్నారు. కాని అట్టి గ్రహం లేదు. ఆ తేడాకు కారణం గ్రహం కాదని, గురుత్వాకర్షణను గూర్చిన మన అవగాహనే అసంపూర్ణమని 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం చూపింది. మనిషి ఒకడే, పద్ధతి ఒకటే. ఒకమారు గ్రహం దొరికింది, ఒకమారు దొరకలేదు.

మూడవ ఉదాహరణ ప్లూటో. యురేనస్, నెప్ట్యూన్‌ల గమనాలలో మిగిలిన తేడాలకు మరొక పెద్ద గ్రహం కారణమని అమెరికాలో పెర్సివల్ లోవెల్ విశ్వసించాడు. ఆయన స్థాపించిన వేధశాలలో 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను కనుగొన్నాడు. ఊహ ఫలించినదనే అందరూ అనుకున్నారు. కాని ప్లూటో ద్రవ్యరాశి భూమిలో నాలుగు వందవ వంతు కూడా లేదని తరువాత తేలింది. అంత చిన్నది పెద్ద గ్రహాలను కదల్చలేదు. 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్ ప్రక్కగా పోయి దాని ద్రవ్యరాశిని సరిగా కొలిచిన తరువాత, ఆ తేడాలే లేకుండా పోయినవి. వెదికినది ఒకటి, దొరికినది వేరొకటి. అసలు వెదకవలసిన కారణమే లేకపోయినది.

సెడ్నా విషయంలో ఈ మూడు మార్గాలలో మనం ఏ మార్గంలో ఉన్నాము? దీనికి సమాధానం చెప్పే ముందు ఒక చిక్కును అర్థం చేసుకోవాలి. అమావాస్య రాత్రి లాంతరు పట్టుకొని పొలంలో నడిచేవానికి వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది. తాను చూసిన కంకులన్నీ గట్టు ప్రక్కనే ఉన్నవి కాబట్టి పైరు గట్టు ప్రక్కనే ఉన్నదని అతడు అనుకుంటే పొరపాటు. దూరపు వస్తువులు కూడా అంతే. అవి సమీప బిందువు వద్ద ఉన్నప్పుడే, అదీ మన దూరదర్శిని చూస్తున్న దిక్కున ఉన్నప్పుడే కనిపిస్తాయి. అవన్నీ ఒకే దిక్కుకు ఉన్నట్లు తోచడం వాటి గుణమా, మన లాంతరు గుణమా? హవాయిలోని కెనడా, ఫ్రాన్స్, హవాయి దూరదర్శినితో ఆకాశాన్ని జల్లెడ పట్టిన బృందం 2017లో, తాము ఎక్కడెక్కడ చూశామో లెక్క కట్టి చూస్తే ఒకే దిక్కుకు చేరినట్లు ఋజువు కనబడలేదని తెలిపింది. దీనికి తొమ్మిదవ గ్రహవాదులు బదులిచ్చారు. వాదం నడుస్తున్నది.

2025లో ఈ వాదంలోకి మరొక సాక్షి ప్రవేశించింది. జపాను వారి సుబారు దూరదర్శినితో 2023లో గుర్తించిన 2023 కె.క్యు. 14 అనే వస్తువు వివరాలు ఆ ఏడు జూలైలో వెలువడినవి. దాని సమీప బిందువు 66. సెడ్నా వర్గానికి చెందినదే గాని, దాని కక్ష్య మిగిలినవాటి దిక్కుకు గాక మరొక దిక్కుకు సాగి ఉన్నది. దీనితో తొమ్మిదవ గ్రహవాదం కొట్టివేసినట్లు కాలేదు గాని, ఆ గ్రహం ఉంటే ఎక్కడ ఉండాలో చెప్పడం ఇంకా కష్టమైనది.

పదవ, పదకొండవ శతాబ్దాలలో బస్రాలో పుట్టి కైరోలో జీవించిన ఇబ్న్ అల్-హైసమ్‌ను కాంతిశాస్త్ర పితామహునిగా మన విద్యార్థులు ఎరుగుదురు. ఆయన గ్రీకు ఖగోళాచార్యుడు టాలమీ మీద సందేహాలను గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళుగా గౌరవం పొందుతున్న ఆచార్యుని మాటనైనా పరీక్షకు పెట్టవలెనన్నదే ఆయన మార్గం. సందేహించడం తిరస్కరించడం కాదు. సాక్షిని ప్రశ్నించడం సాక్షిని అవమానించడం కాదు. ఉన్నదానిని ఉన్నంత వరకు అంగీకరించి, మిగిలినదానికి తావు ఉంచడమే శాస్త్రదృష్టి.

ఆ దృష్టితో చూస్తే సెడ్నా సాక్ష్యంలో ఎంత నిశ్చయమో, ఎంత కాదో వేరు చేయవచ్చు. కక్ష్య ఆకారం నిశ్చయం. ఇరవై ఏళ్ళకు పైబడిన పరిశీలనలు దానిని బలపరిచినవి. తెలిసిన గ్రహాలు ఆ కక్ష్యను చేయలేవన్నది నిశ్చయం. చేసినది పోయిన నక్షత్రమా, కనబడని గ్రహమా అన్నది ఇంకా తీర్పు రాని వ్యాజ్యం.

ఒకటి కనిపిస్తే ఎన్ని ఉన్నట్లు?

మరొక సంగతి కూడా మామూలు లెక్కతోనే తేలుతుంది. సెడ్నా మీద పడే సూర్యకాంతి పోతూ తగ్గుతుంది, తిరిగి మన వైపు వస్తూ తగ్గుతుంది. అందుచేత దూరం పన్నెండు రెట్లు పెరిగితే దాని వెలుగు ఇరవై వేల రెట్లకు పైగా తగ్గుతుంది. పలోమర్ దూరదర్శినికి అందేటంత వెలుగుతో అది ఉండేది పదకొండు వేల ఏళ్ళలో సుమారు రెండు వందల ఏళ్ళు. అంటే ఇంచుమించు అరవయ్యవ వంతు. అరవై వంతుల కాలం చీకటిలో ఉండి ఒక వంతు కాలం వెలుగులో ఉండేది మన కంటపడినదంటే, అట్టివి ఇంకా దాదాపు అరవై చీకటిలో ఉండి ఉండాలని ఊహించడం న్యాయం. ఒక్క వస్తువు మీద కట్టిన లెక్క గనుక దీనిని స్థూలంగానే గ్రహించాలి. అయినా తరువాతి కాలం ఈ ఊహను సమర్థించింది. 2014లో 2012 వి.పి. 113, 2018లో లెలెయాకూహొనువా, 2025లో పైన చెప్పిన వస్తువు ప్రకటింపబడినవి. చిలీ దేశంలో నిర్మించిన వెరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తన తొలి చిత్రాలను విడుదల చేసింది. ఆ దూరదర్శిని దక్షిణాకాశాన్ని పదే పదే చిత్రిస్తుంది గనుక ఇట్టివి మరికొన్ని దొరుకుతాయని ఆశిస్తున్నారు. సాక్షుల సంఖ్య పెరిగినకొద్దీ తీర్పు దగ్గరపడుతుంది.

2024 ఆరంభంలో సెడ్నా సుమారు 83న్నర ఖగోళ ప్రమాణాల దూరంలో ఉన్నది. బృహస్పతి ఆకర్షణ సాయంతో నౌకను పంపితే అక్కడికి చేరడానికి పాతికేళ్ళ ప్రాంతం పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్కలు వేశారు. 2076 దాటిన తరువాత ప్రతి సంవత్సరమూ అది దూరమవుతూ పోతుంది. మళ్ళీ ఇంత చేరువకు రావడానికి పదకొండు వేల ఏళ్ళు. కాబట్టి ఆ చుట్టాన్ని పలకరించే అవకాశం ఈ శతాబ్దానిది.

సెడ్నా కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే దాదాపు పది లక్షల రెట్లు మసకగా ఉంటుంది. ఏ కళాశాల మేడ మీద నుండీ, ఏ చిన్న దూరదర్శినితోనూ దానిని చూడలేము. కాని పైన చేసిన లెక్కలలో ఘనము, వర్గమూలము, నిష్పత్తి తప్ప వేరే ఏమీ లేవు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఒక కాగితం మీద వాటిని సరిచూడవచ్చు. సరిచూడవలెననే మేము కోరుతున్నాము.

ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ 1705లో తోకచుక్క ఒకటి 1758లో తిరిగి వస్తుందని లెక్కించి చెప్పాడు. 1742లో ఆయన మరణించాడు. 1758 డిసెంబరులో ఆ తోకచుక్క వచ్చింది. చెప్పినది ఒక తరం, చూసినది మరొక తరం. ఈనాడు మా ముందు బెంచీల మీద కూర్చున్న పద్దెనిమిదేళ్ళ విద్యార్థులు 2076 నాటికి డెబ్బయ్యవ పడికి చేరువలో ఉంటారు. సెడ్నా దారి వేసినదెవరో అప్పటికి తేలితే, ఆ వార్తను చదివేది వారు. మేము మీ చేతికి ప్రశ్నను మాత్రమే ఇవ్వగలిగినాము.